మెదడుకు పాకిన క్యాన్సర్: ఆపరేషన్ బల్ల మీదే రేడియేషన్

ఊపిరితిత్తుల్లోనో రొమ్ములోనో పుట్టిన క్యాన్సర్ కణాలు రక్తంలో కొట్టుకువచ్చి మెదడులో గడ్డ కడతాయి. ఆ గడ్డను శస్త్రచికిత్సతో తీసేశాక, పుర్రె ఇంకా మూయకముందే, అది ఖాళీ చేసిన గుంత గోడలకు ఒకే విడతలో ఎక్స్-కిరణాలు పట్టించే వైద్యం ఇది. దీని పేరు ఇంట్రాఆపరేటివ్ రేడియోథెరపీ, ఆస్పత్రుల్లో పొడి అక్షరాలతో ఐఓఆర్‌టీ అంటారు. తెలుగు ఇళ్లలో రేడియేషన్‌కు ఉన్న పేరు ‘కరెంటు పెట్టడం’. ఆ లెక్కన ఇది గడ్డ తీసిన చోట, తీసిన పూటే, కరెంటు పెట్టడం.

మామూలు పద్ధతిలో గడ్డ తీసే పని ఒకరోజు, రేడియేషన్ మరొకరోజు. రెండింటికీ మధ్య కుట్లు మానాలి, వాపు తగ్గాలి, మళ్లీ స్కానింగ్ తీయాలి, మెషీన్ ఖాళీ దొరకాలి. ఇదంతా కలిపి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆపరేషన్ బల్ల మీది రేడియేషన్ ఆ వారాలను లేకుండా చేస్తుంది. దీని గురించి తెలుసుకోవలసిన ముఖ్య విషయం అదే. ఎక్స్-కిరణాల బలం, పరికరం సొగసు దాని తర్వాతివి.

సూరత్ నుంచి చూస్తే

ఆ వారాల విలువ సూరత్‌లాంటి ఊళ్లో బాగా తెలుస్తుంది. వజ్రాల సానకూ, చీరల నేతకూ పేరుపడ్డ ఈ గుజరాత్ నగరంలో తరతరాలుగా తెలుగువాళ్లు ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచాల (మరమగ్గాల) మీద పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా వైపు స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. జబ్బు చేస్తే గవర్నమెంట్ మెడికల్ కాలేజీకి అనుబంధమైన న్యూ సివిల్ హాస్పిటల్, నగరపాలక సంస్థ వైద్య కళాశాల స్మిమెర్, 2017 ఏప్రిల్‌లో ప్రారంభమైన కిరణ్ హాస్పిటల్, క్యాన్సర్‌కే ప్రత్యేకమైన భారత్ క్యాన్సర్ హాస్పిటల్ ఉన్నాయి. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే ఉత్తరాన అహ్మదాబాద్‌లో గుజరాత్ క్యాన్సర్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, దక్షిణాన ముంబయి పరేల్‌లో 1941 నుంచి నడుస్తున్న టాటా మెమోరియల్.

రోగి కోలుకోవడానికి మాత్రం చాలామంది సొంతూరికే వెళ్తారు. సూరత్ స్టేషన్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భుసావల్, వార్ధా, బల్లార్షా మీదుగా వరంగల్‌లో దించుతుంది. తలకు ఆపరేషనైన మనిషిని అమ్మ దగ్గరికో అత్తగారింటికో పంపిస్తారు. మూడు వారాలకు రేడియేషన్‌కు తిరిగి రావాలి. కూలి నష్టం, తోడు వచ్చే మనిషి సెలవు, టికెట్టు, ‘ఇప్పుడు బాగానే ఉన్నాడుగా’ అన్న ధీమా కలిసి ఆ మూడు వారాలను ఆరు చేస్తాయి, ఒక్కోసారి రెండు నెలలు చేస్తాయి. మెదడులో మిగిలిన కణాలు అన్నాళ్లూ ఊరుకోవు. వలస కార్మికుల ఊళ్లో ఐఓఆర్‌టీ గురించి మాట్లాడటానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

గడ్డ తీస్తే ఎందుకు చాలదు

మెదడుకు పాకే క్యాన్సర్లలో ఊపిరితిత్తులది మొదటి స్థానం. తర్వాత రొమ్ము, మెలనోమా అనే చర్మపు క్యాన్సర్, మూత్రపిండం, పెద్దపేగు వస్తాయి. మన దేశంలో గుట్కా, పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్ అంత విస్తారంగా ఉన్నా, అది మెడ గ్రంథులకు పాకుతుందే గానీ మెదడుకు చేరడం అరుదు. గడ్డల్లో ఇంచుమించు 80 శాతం పెద్ద మెదడులో, 15 శాతం చిన్న మెదడులో, మిగిలినవి మెదడు కాండంలో కనిపిస్తాయి. బూడిద పదార్థం, తెల్ల పదార్థం కలిసేచోట రక్తనాళాలు ఒక్కసారిగా సన్నబడతాయి. కొట్టుకువచ్చిన కణాల గుంపు అక్కడ ఇరుక్కుని వేళ్లూనుకుంటుంది. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, ఉన్నట్టుండి ఫిట్స్, ఒక చెయ్యి పట్టు తప్పడం, నోటిదాకా వచ్చిన మాట జారిపోవడం దీని ఆనవాళ్లు.

ఒకే గడ్డ ఉండి, అది చేతికి అందేచోట ఉంటే తీసేయడం మేలని గట్టిగా చూపింది అమెరికాలోని కెంటకీలో రాయ్ ప్యాచెల్ బృందం. 1990లో ప్రచురించిన వారి అధ్యయనంలో 48 మంది రోగులున్నారు. ఆపరేషన్, ఆపై రేడియేషన్ అందినవారిలో సగంమంది 40 వారాలకు పైగా బతికారు. రేడియేషన్ ఒక్కటే అందినవారిలో ఆ కాలం 15 వారాలు. ఆ అధ్యయనంలో మరో సంగతి మన దేశానికి మరీ పనికొస్తుంది. మొదట చేర్చుకున్న 54 మందిలో ఆరుగురికి ముక్క తీసి పరీక్షిస్తే అది పాకిన క్యాన్సరే కాదని తేలింది. స్కానింగులో క్యాన్సర్ గడ్డలా కనిపించినదల్లా క్యాన్సర్ కాదు. క్షయ ఇంకా విస్తారంగా ఉన్న మన దేశంలో మెదడులో క్షయ గడ్డ కూడా స్కానింగులో అచ్చం ఇలాగే కనిపిస్తుంది. దీని సంగతి మళ్లీ వస్తుంది.

ప్యాచెల్ బృందమే 1998లో తర్వాతి ప్రశ్న వేసింది: గడ్డను పూర్తిగా తీసేశాక కూడా రేడియేషన్ కావాలా? 95 మందిలో రేడియేషన్ ఇవ్వనివారిలో 46 శాతానికి అదే చోట గడ్డ తిరిగి వచ్చింది. ఇచ్చినవారిలో 10 శాతానికే వచ్చింది. సర్జన్ కంటికి శుభ్రంగా కనిపించే గుంత గోడల్లో కొన్ని మిల్లీమీటర్ల లోతున కణాలు దాగి ఉంటాయి. మాటలకూ కదలికలకూ ఆధారమైన చోట ఆ కొన్ని మిల్లీమీటర్లను కోసేయడం కుదరదు.

అప్పట్లో రేడియేషన్ అంటే మెదడు మొత్తానికి ఇవ్వడమే. సాధారణంగా రోజుకు 3 గ్రే చొప్పున పది విడతలు, మొత్తం 30 గ్రే. గ్రే అంటే కణజాలం పీల్చుకున్న కిరణశక్తికి కొలత. గడ్డలను అది అదుపు చేసేది గానీ జుట్టు రాలేది, నీరసం వారాల తరబడి వదిలేది కాదు, జ్ఞాపకశక్తి సన్నగిల్లేది. అందుకని గుంతకు మాత్రమే గురిపెట్టి ఎక్కువ మోతాదు ఒక విడతలోనో కొన్ని విడతల్లోనో ఇచ్చే రేడియోసర్జరీ వైపు వైద్యులు మళ్లారు. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ 1968లో మొదలుపెట్టిన గామా నైఫ్ దీనికి మూలం. మన దేశానికి అది 1997లో వచ్చింది. గుంతకు రేడియోసర్జరీ ఇస్తే ఏడాదిపాటు అదే చోట గడ్డ తిరిగి రాకుండా ఉన్నవారు 72 శాతమనీ, ఏమీ ఇవ్వకపోతే 43 శాతమనీ 2017లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రి నుంచి అనితా మహాజన్ బృందం తేల్చింది. అదే ఏడాది పాల్ బ్రౌన్ బృందం 194 మందిలో రేడియోసర్జరీని మెదడు మొత్తం రేడియేషన్‌తో పోల్చింది. ఆరు నెలలకు ఆలోచన, జ్ఞాపకం దెబ్బతిన్నవారు మొదటి వర్గంలో 52 శాతం, రెండోదాంట్లో 85 శాతం. ఆయుర్దాయంలో తేడా లేదు. అయితే గుంత దగ్గర అదుపు విషయంలో ఏడాది చివరికి మెదడు మొత్తం రేడియేషనే ముందుంది.

అంటే రేడియోసర్జరీ మనిషి తెలివిని కాపాడింది గానీ గుంతను పూర్తిగా కాయలేకపోయింది. దీనికి ఒక కారణం కాలహరణం. మరొకటి ఆకారం. గడ్డ తీశాక గుంత రోజురోజుకూ ముడుచుకుంటుంది, వంకరపోతుంది. నెల తర్వాత తీసిన స్కానింగులో దాని అసలు అంచు ఎక్కడో గీయడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. ఆపరేషన్ బల్ల మీదనైతే ఆ అంచు కళ్లెదుట ఉంటుంది.

సూదంత గొట్టం, బంతంత తొడుగు

శరీరాన్ని తెరిచి ఉంచి రేడియేషన్ ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే బార్సిలోనాలో ఆ ప్రయత్నం జరిగింది. 1960ల్లో జపాన్‌లోని క్యోటోలో మిత్సుయుకి అబె దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. రోగిని మత్తులో ఉంచి, తెరిచిన గాయంతోనే రేడియేషన్ గదికి తరలించడం అప్పటి పెద్ద చిక్కు. మెషీనే ఆపరేషన్ థియేటర్‌లోకి రాగలిగేంత చిన్నదయ్యాక కథ మారింది.

ఆ చిన్న మెషీన్ మెదడు కోసమే పుట్టింది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఫోటోఎలక్ట్రాన్ అనే సంస్థ తయారుచేసిన పరికరంలో 50 కిలోవోల్టుల వద్ద వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల చిల్లర మందం ఉన్న గొట్టంలో ప్రయాణించి, చివరనున్న బంగారు పూతకు తగులుతాయి. అక్కడి నుంచి ఎక్స్-కిరణాలు అన్ని వైపులకూ ఇంచుమించు సమానంగా చిమ్ముతాయి. మొదట ఆ గొట్టాన్ని నేరుగా గడ్డ నడిమధ్యలోకి దించి లోపలి నుంచి కాల్చాలని చూశారు. తర్వాత జర్మనీ సంస్థ కార్ల్ జైస్ చేతిలో అది ఇంట్రాబీమ్ పేరుతో స్థిరపడింది.

దీనికి లోకమంతా పేరు తెచ్చింది మాత్రం రొమ్ము క్యాన్సర్. టాటా మెమోరియల్‌లో పనిచేసి లండన్ వెళ్లిన గోవా సర్జన్ జయంత్ వైద్య, మైకేల్ బామ్, జెఫ్రీ టోబియాస్‌లతో కలిసి గొట్టం చివర గుండ్రటి తొడుగు తగిలించే పద్ధతిని రూపొందించి, 1998 జులైలో మొదటి రోగికి వాడారు. 1.5 నుంచి 5 సెంటీమీటర్ల వ్యాసం వరకు అర సెంటీమీటరు తేడాతో దొరికే ఈ బంతుల్లో గుంతకు సరిపోయేదాన్ని ఎంచుకుంటారు. మెదడు కోసం పుట్టిన పరికరం ఒక భారతీయ వైద్యుడి ఆలోచనతో రొమ్ము మీదుగా తిరిగి మెదడుకు చేరడం ఈ చరిత్రలో ముచ్చటైన మలుపు.

తక్కువ శక్తి గల ఎక్స్-కిరణాలు కావడం ఇక్కడ లోపం కాదు, అదే ఆయుధం. అవి దూరం పోలేవు. మూడున్నర సెంటీమీటర్ల బంతి ఉపరితలం దగ్గర 20 గ్రే ఉంటే, సెంటీమీటరు లోపలికి వెళ్లేసరికి 5 నుంచి 7 గ్రే మాత్రమే మిగులుతుంది. కుంపటిని ఆనుకున్న చేయి కాలుతుంది, మూరెడు దూరంలో ఉన్న చేయి వెచ్చబడుతుంది. దాగిన కణాలు ఉండేది తొలి మిల్లీమీటర్లలోనే కాబట్టి మోతాదంతా అక్కడే పడుతుంది, వెనకున్న ఆరోగ్యకరమైన మెదడు చాలావరకు తప్పించుకుంటుంది. పెద్ద రేడియేషన్ గదులకు కావలసినంత మందమైన కాంక్రీటు గోడలు కూడా ఈ మెషీన్‌కు అక్కర్లేదు. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి మాత్రం తప్పనిసరి.

థియేటర్‌లో ఆ గంట

రోగికి మత్తిచ్చి, తలను బిగించి, నావిగేషన్ పరికరం సాయంతో పుర్రె తెరుస్తారు. గడ్డలోంచి ముక్క తీసి వెంటనే పాథాలజిస్టుకు పంపుతారు. గడ్డకట్టించి పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి, ఇరవై ముప్ఫై నిమిషాల్లో ఆయన కబురు చెబుతారు. ఈ కబురు వచ్చేదాకా రేడియేషన్ ప్రసక్తే ఉండకూడదు. క్షయ గడ్డకు, బ్యాక్టీరియా చీము గడ్డకు కరెంటు పెడితే నష్టమే గానీ లాభం లేదు. మామూలు పద్ధతిలో పూర్తి బయాప్సీ నివేదికకు వారం పట్టినా ఇబ్బంది లేదు, రేడియేషన్ ఎలాగూ తర్వాతే. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అందుకే ఐఓఆర్‌టీ పెట్టుకోదలచిన ఆస్పత్రి ముందు చూసుకోవలసింది తన పాథాలజీ విభాగాన్ని అని చెప్పడం అతిశయోక్తి కాదు.

గడ్డ తీసి, రక్తం ఆపాక, తొడుగులు ఒక్కొక్కటే గుంతలో పెట్టి చూస్తారు. గోడలన్నిటినీ తాకాలి గానీ ఒత్తకూడదు. కంటి నరం, మెదడు కాండం ఎంత దూరంలో ఉన్నాయో స్కానింగులో కొలిచి, రేడియేషన్ వైద్యుడూ మెడికల్ ఫిజిసిస్టూ మోతాదు, సమయం లెక్కగడతారు. ఉపరితలానికి 20 నుంచి 30 గ్రే వరకు ఇవ్వడం ఎక్కువచోట్ల అలవాటు. అంచుల చుట్టూ కిరణాలను అడ్డుకునే రబ్బరు పొరలు పరిచి, సిబ్బంది పక్కకు తప్పుకుంటారు. మత్తు డాక్టరు సీసపు తెర వెనక నుంచి రోగి నాడినీ ఊపిరినీ చూస్తూ ఉంటారు. తొడుగు పెద్దదయ్యేకొద్దీ సమయం పెరుగుతుంది. సాధారణంగా పావుగంట నుంచి ముప్పావుగంట లోపు పని అయిపోతుంది. తొడుగు తీసి, మెదడు పొరలు కుట్టి, పుర్రె ఎముక తిరిగి అమర్చుతారు.

మాటల కేంద్రానికి దగ్గర్లో గడ్డ ఉంటే రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ ఆపరేషన్ చేస్తారు. సూరత్ తెలుగు రోగి ఇంట్లో తెలుగు, సాంచాల దగ్గర హిందీ, బజారులో గుజరాతీ మాట్లాడతాడు. ఒకటికి మించి భాషలు వచ్చినవారి మెదడులో ఒక్కో భాషకు కొంత వేరు స్థలం ఉండవచ్చు. హిందీలో బొమ్మల పేర్లు చెప్పించి ఊరుకుంటే భార్యాబిడ్డలతో మాట్లాడే భాష దెబ్బతినే ప్రమాదం ఉంది. బొమ్మల పరీక్ష తెలుగులో కూడా చేయాలని కుటుంబమే ముందుగా అడగవచ్చు, తెలుగు వచ్చిన మనిషిని సాయానికి చూపించవచ్చు. గుంత అంచున కరెంటు పెట్టే వైద్యంలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

ఇప్పటిదాకా తేలినది

ఫలితాలు ఆశ కలిగించేవే. 2015లో అమెరికా నుంచి రాబర్ట్ వైల్ బృందం ఒకే గడ్డ ఉన్న 23 మంది అనుభవాన్ని వెల్లడించింది. 2019లో క్రిస్టఫర్ సిఫరెల్లి బృందం పలు దేశాల ఆస్పత్రుల నుంచి 54 మంది వివరాలు కలిపి చూసింది. వాళ్లకు సగటున 30 గ్రే ఇచ్చారు. ఏడాది చివరికి 88 శాతం మందిలో గుంత దగ్గర క్యాన్సర్ తిరిగి రాలేదు. రేడియేషన్ వల్ల మెదడు కణజాలం చచ్చుబడిన సందర్భాలు 7 శాతం. జర్మనీలోని మాన్‌హైమ్‌లో ఫ్రాంక్ జోర్డానో బృందం ముందు గ్లయోబ్లాస్టోమా అనే మెదడులోనే పుట్టే క్యాన్సర్ మీద ఇంట్రాగో పేరుతో, తర్వాత పాకిన క్యాన్సర్ మీద ఇంట్రామెట్ పేరుతో అధ్యయనాలు నడిపింది.

ఈ 88ను పైన చెప్పిన 72 పక్కన పెట్టి గెలుపు ప్రకటించడం తప్పు. 72 వచ్చింది చీటీలు తీసినట్టు రోగులను రెండు వర్గాలుగా పంచిన అధ్యయనంలో. 88 వచ్చింది వైద్యులు తగినవారని ఎంచుకున్న రోగుల్లో. ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంటుంది. అందువల్ల రేడియోసర్జరీకి సమానమైన ప్రత్యామ్నాయంగా దీన్ని ఇప్పుడే చెప్పకూడదు. ఫలానా పరిస్థితిలో వాడదగిన మంచి పద్ధతి అనడం న్యాయం.

పోటీ పద్ధతులూ ఉన్నాయి. అరిజోనాలో పుట్టిన గామాటైల్ అనే పలకల్లో సీజియం-131 గింజలుంటాయి. గుంత గోడకు వాటిని అంటించి తల మూసేస్తారు. 9.7 రోజులకొకసారి సగమయ్యే రేడియోధార్మికతతో అవి వారాల తరబడి నెమ్మదిగా పనిచేసి ఆరిపోతాయి. ఆపరేషన్‌కు ముందే గడ్డ మీద రేడియోసర్జరీ చేసి, ఆ తర్వాత తీసేయడం మరో దారి. దానికి కొత్త మెషీన్ అక్కర్లేదు, గడ్డ అంచు స్పష్టంగా కనిపిస్తుంది, కాలహరణమూ ఉండదు. ఇప్పటికే రేడియోసర్జరీ ఉన్న ఊళ్లకు ఇది ఐఓఆర్‌టీ కంటే చవకైన ఆలోచన కావచ్చు.

ఎవరికి కాదు

కంటి నరాన్నో మెదడు కాండాన్నో ఆనుకుని ఉన్న గడ్డకు ఇది పనికిరాదు. గుంత పొడుగ్గా, మూలలతో ఉంటే గుండ్రటి బంతి అన్ని గోడలనూ తాకదు. రెండు మూడు సెంటీమీటర్ల లోపు చిన్న గడ్డలకు అసలు తల తెరవనక్కర్లేదు, రేడియోసర్జరీ ఒక్కటే చాలు. గడ్డలు చాలా ఉన్నవారికి ఒక గుంతకు ఇచ్చే వైద్యం మిగతావాటిని ఆపదు. వాటికి వేరే రేడియేషన్, మందులు కావాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కొన్ని జన్యు మార్పులున్నవారికి మెదడులోకి బాగా చేరే ఓసిమెర్టినిబ్‌లాంటి మాత్రలు వచ్చాయి. గడ్డ ఇబ్బంది పెట్టనప్పుడు కత్తికంటే ముందు వాటినే చూస్తారు. ఐఓఆర్‌టీ వల్ల ఇక్కడ ఒక మేలుంది: రేడియేషన్ కోసం ఆగనక్కర్లేదు కాబట్టి గాయం మానగానే కీమో, మాత్రలు మొదలుపెట్టవచ్చు.

రేడియేషన్ పడిన చోట నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక, స్కానింగులో తెల్లటి మచ్చ కనిపించవచ్చు. అది తిరిగి వచ్చిన క్యాన్సరో, చచ్చుబడిన కణజాలమో చూడగానే చెప్పడం కష్టం. స్టెరాయిడ్లతో తగ్గిపోయే మచ్చకు మళ్లీ తల తెరిచిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

కార్డు, కాగితం

ఖర్చు విషయానికొస్తే, 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతుంది. ఒక రాష్ట్రపు కార్డును మరో రాష్ట్రంలోని నమోదైన ఆస్పత్రిలో వాడుకునే వీలు నిబంధనల్లో ఉంది. గుజరాత్ ఈ పరిమితిని 2023 జులైలో 10 లక్షలకు పెంచింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో 10 లక్షలు చేసింది. పథకాలు వైద్యాన్ని ప్యాకేజీల జాబితా ప్రకారం చెల్లిస్తాయి. తల ఆపరేషన్ ఒక ప్యాకేజీ, రేడియేషన్ మరొకటి. రెండూ ఒకే పూట జరిగే వైద్యం ఆ జాబితాలో ఎక్కడ పడుతుందో, తొడుగు ఖర్చు ఎవరిదో ఆపరేషన్‌కు ముందే ఆస్పత్రి పథకం కౌంటరులో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఆపరేషనైన రెండు మూడు రోజుల్లో ఎంఆర్‌ఐ తీస్తారు. తర్వాత రెండు మూడు నెలలకొకసారి తీయాలి. అది సూరత్‌లో కావచ్చు, వరంగల్‌లో కావచ్చు, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో కావచ్చు. మామూలు రేడియేషన్‌కైతే చికిత్స పథకం మొత్తం కంప్యూటర్‌లో ఉంటుంది. ఇది ఆపరేషన్ నివేదికలో ఒక్క వాక్యంగా మిగిలిపోయే ప్రమాదముంది. వాడిన తొడుగు వ్యాసం, దాని ఉపరితలం దగ్గర ఇచ్చిన గ్రే, పట్టిన నిమిషాలు, తేదీ, ఏ వైపు ఏ భాగం, ముక్క పరీక్ష నివేదిక సంఖ్య డిశ్చార్జి కాగితంలో రాయించుకుని, ఎంఆర్‌ఐ సీడీతో కలిపి రోగి సంచిలో ఉంచాలి. ఏడాది తర్వాత వేరే ఊళ్లో తెల్ల మచ్చను చూసే రేడియాలజిస్టు మొదట అడిగేవి ఆ అంకెలే.